పెద్ద ఇంగ్లిష్ మాటని ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి?

టీచర్ గారూ, మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మీరు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్లల చేత 'రెస్పాన్సిబిలిటీ', 'ఎగ్జామినేషన్' లాంటి పొడుగు మాటల్ని ముక్కలు చేయించి చదివిస్తున్నారు. ఆ ముక్కలు ఒక డిక్షనరీలో ఒకచోట, ఇంకోదాంట్లో ఇంకోచోట విరిగి ఉన్నాయి. ఏది రైటు? స్ట్రెస్, అంటే మాటలో నొక్కి పలికే బరువు, ఏ ముక్క మీద పడుతుందో తెలుసుకోవడానికి రూలుందా, లేక ఒక్కో మాటా బట్టీ పట్టాల్సిందేనా? చివర్లో మీ క్లాసులో ఒక పిల్లాడు అడిగింది కూడా రాశారు: "టీచర్, మరి మన తెలుగులో స్ట్రెస్ ఎక్కడుంటుంది?" వాడి దగ్గరికి ఆఖర్న వస్తాను.

ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. నా అనుభవంలో తేలింది ఇది: మాటని సరిగ్గా ఎక్కడ విరవాలన్నది మీరు భయపడుతున్నంత పెద్ద విషయం కాదు. ఎన్ని ముక్కలున్నాయి, వాటిలో పెద్దది, అంటే నొక్కి పలికేది ఏది అన్న రెండూ తెలిస్తే పనైపోతుంది. ఆ పెద్ద ముక్క ఏదో చాలాసార్లు మాట తోక చూసి చెప్పేయొచ్చు. పిల్లలు తల నుంచి చదువుకుంటూ వస్తారు. పొడుగు మాటల్లో తోక నుంచి చూడటం అలవాటు చేయండి.

కింద మాటల్ని విడగొట్టి రాసినప్పుడు, నొక్కే ముక్కకి ముందు డిక్షనరీల్లో ఉన్నట్టే ˈ అని చిన్న గీత పెడుతున్నాను. గీత ముక్కకి ముందు వస్తుంది, తర్వాత కాదు. ఇది చాలామంది తిరగేసి చదువుతారు.

ముందు నా పరువు పోయిన సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగం కొత్తలో హైదరాబాద్‌లో ఒక ట్రైనింగుకి వెళ్లాను. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒకావిడ క్లాసు తీసుకుంటున్నారు. మీ ఊరి గురించి చెప్పమంటే లేచి మా ఊరి డెవలప్‌మెంట్ కమిటీ సంగతి ఎత్తుకున్నాను. ఆవిడ "సారీ?" అన్నారు. గొంతు చాలలేదనుకుని గట్టిగా చెప్పాను. మళ్లీ "సారీ?" మూడోసారి సంతలో గిత్తల్ని అమ్మేవాడిలా అరిచాను. పక్కనున్నాయన నవ్వు ఆపుకోలేక కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. చివరికి బోర్డు మీద రాశాను. "ఓ, డి-ˈవె-లప్-మంట్ క-ˈమి-టి!" అన్నారు ఆవిడ. నేను అన్నది ˈడె-వ-లప్-మెంట్, ˈక-మి-టీ. పలికిన ప్రతి అక్షరమూ దాదాపు సరైనదే. బరువు మాత్రం రెండు మాటల్లోనూ ఒక ముక్క ముందు పడింది. అరిచిన కొద్దీ ఆ తప్పు బరువే ఇంకా గట్టిగా వినపడింది తప్ప మాట అర్థం కాలేదు. ఇంగ్లిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్ల చెవి మాటని పట్టుకునేది ఆ నొక్కిన ముక్కతోనే. అది చోటు మారితే వాళ్లకి అది వేరే మాట, లేదా అసలు మాటే కాదు.

సరే, లెక్కతో మొదలుపెడదాం. సిలబుల్ అంటే ఒక అచ్చు శబ్దం, దాన్ని అంటిపెట్టుకున్న హల్లులు. వినడానికి మన అక్షరంలాగే ఉంది, కానీ పెద్ద తేడా ఉంది. మన రాతలో హల్లులన్నీ అచ్చుకి ముందే వరసగా నిలబడతాయి. 'స్త్రీ'లో మూడు హల్లులు, ఒక అచ్చు, ఒకటే అక్షరం. ఇంగ్లిష్‌లో అచ్చుకి ముందూ వేలాడతాయి, వెనకా వేలాడతాయి. 'స్ట్రెంత్స్'లో అచ్చు ఒక్కటే, కాబట్టి అంత బారు మాటా ఒకటే సిలబుల్. మీ పిల్లల చేత చప్పట్లు కొట్టించి చూడండి, దానికి రెండో మూడో కొడతారు. తప్పు వాళ్లది కాదు. మాట చివర హల్లుని ఒంటరిగా వదిలేయడం తెలుగు నాలుకకి ఇష్టం ఉండదు. బస్‌ని బస్సు చేశాం, రోడ్‌ని రోడ్డు చేశాం, బెంచ్‌ని బెంచీ చేశాం. ఒక సిలబుల్ మాటలన్నీ రెండు సిలబుల్స్ అయి కూర్చున్నాయి. ఫిల్మ్ కూడా అంతే, మధ్యలో ఒక ఇకారం దూర్చి 'ఫిలిం' అంటున్నాం.

దీని చిన్న చెల్లెలు భూతకాలం తోక, 'ఇ-డి' అన్న రెండక్షరాలు. 'వర్క్'కి అది తగిలిస్తే సిలబుల్ పెరగదు, 'వర్క్ట్' అని ఒకే ముక్క. 'వాంట్', 'నీడ్' లాంటి, ట గానీ డ గానీ శబ్దంతో ముగిసే క్రియలకి మాత్రమే కొత్త ముక్క పుడుతుంది: వాన్-టిడ్, నీ-డిడ్. ఈ ఒక్కటి పిల్లలకి ఒంటబడితే లెక్కలో సగం తప్పులు పోతాయి.

దీనికి ఎదురు తప్పు కూడా చేస్తాం. ఇంగ్లిష్ వాళ్లు మింగేసిన ముక్కల్ని స్పెల్లింగ్ చూసి మనం తవ్వి తీస్తాం. 'వెజిటబుల్' అనేది వాళ్ల నోట్లో ˈవెజ్-ట-బుల్, మూడే ముక్కలు. మనవాళ్లు అందులో ఒక టేబుల్ వేసి 'వెజి-టేబుల్' అంటారు. 'కంఫర్టబుల్' మామూలుగా ˈకంఫ్-ట-బుల్. 'చాకొలేట్' ˈచాక్-లట్. 'బిజినెస్' ˈబిజ్-నస్. బుధవారం ˈవెన్జ్-డే, రెండే ముక్కలు, మధ్యలో ఉన్న డకారం పలకనే పలకరు. పిల్లలకి ఇది అన్యాయంలా కనిపిస్తుంది. అప్పుడు 'అడుగుతాను' అన్న మాట గట్టిగా, తొందరగా చెప్పమనండి. 'అడుగ్తాను' అంటారు. మధ్యలో ఉకారం ఏమైందిరా అని అడగండి. మనమూ మింగుతాం, కాకపోతే రాతలో ఒప్పుకోం.

లెక్క సరిచూసుకోవడానికి చప్పట్ల కన్నా గడ్డం కింద చెయ్యి పెట్టుకోవడం మేలు. అరచేతిని గడ్డానికి ఆనించి మాట మెల్లగా పలికితే, ఒక్కో అచ్చుకీ దవడ ఒకసారి చేతిని కిందకి నెడుతుంది. ఎన్నిసార్లు నెడితే అన్ని సిలబుల్స్. చప్పట్లైతే పిల్లాడు తనకి తోచినన్ని కొట్టేస్తాడు, దవడ అలా అబద్ధం చెప్పదు. ఇంటర్‌కి వెళ్లాక పరీక్షలో సిలబుల్స్ ఎన్నో రాయమంటారు, అక్కడ కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకోవద్దని ఏ ఇన్విజిలేటరూ అనరు.

ఇప్పుడు మీ మొదటి అనుమానం, డిక్షనరీల తగాదా. 'ఫొటోగ్రఫీ' తీసుకుందాం. ఒకచోట ఫ-ˈటాగ్-ర-ఫి అని ఉంటుంది, ఇంకోచోట ఫ-ˈటా-గ్ర-ఫి అని. గకారం ముందు ముక్కదా, వెనక ముక్కదా? రెండోరకం వాళ్ల వాదన ఏమిటంటే, 'గ్ర' అన్న జంటతో ఇంగ్లిష్‌లో 'గ్రీన్', 'గ్రాస్' లాంటి మాటలు మొదలవుతాయి కాబట్టి ఆ జంట మొత్తాన్ని వెనక ముక్కకే ఇచ్చేయాలి అని. మొదటిరకం వాళ్లు, ముందున్న పొట్టి అచ్చుని నొక్కి పలికేటప్పుడు దానికి ఆనుకోవడానికి ఒక హల్లు కావాలి అంటారు. ఈ తగాదా మనకి కొత్తది కాదు. 'చక్రం' రాసేటప్పుడు చ-క్రం అని రాస్తాం. పలికేటప్పుడు చక్-రం అంటాం. అందుకే కదా ఛందస్సులో ఆ 'చ' గురువైంది. రాత ఒక రకంగా, నోరు ఒక రకంగా విరుస్తాయి, మాట మాత్రం ఒకటే. ఇంగ్లిష్‌లోనూ అంతే, గకారం ఎటు వేసినా మీ నోట్లో వచ్చే శబ్దం మారదు. ఈ ముక్క పిల్లలకి చెప్పి ముందుకు వెళ్లిపోండి, మార్కులు తీయకండి.

ఇంకో సంగతి చాలామంది టీచర్లకే తెలియదు. డిక్షనరీలో ముందు పెద్దక్షరాల మాట మధ్యలో చుక్కలు పెట్టి ఉంటాయి చూశారా, అవి ఎన్నో డిక్షనరీల్లో పలకడానికి పెట్టినవి కావు. లైను చివర మాట పట్టకపోతే హైఫన్ పెట్టి ఎక్కడ విరవచ్చో అచ్చుపని వాళ్ల కోసం చెప్పినవి. అందుకే 'అబౌట్'కి అమెరికా డిక్షనరీలో చుక్క కనబడకపోవచ్చు. లైను చివర ఒంటరిగా ఒక్క అక్షరాన్ని వదిలితే బాగోదు, అంతే కారణం. పలికితే అది చక్కగా రెండు ముక్కలు, అ-ˈబౌట్. అచ్చులో 'డెమోక్రసీ'ని అమెరికా వాళ్లు పలికే తీరుని బట్టి 'డెమాక్' దగ్గర విరుస్తారు. పాత బ్రిటిష్ పద్ధతిలో మాట పుట్టుకని బట్టి 'డెమో' దగ్గర విరిచేవాళ్లు, గ్రీకులో 'డెమోస్' అంటే ప్రజలు కాబట్టి. పలకడం నేర్పడానికి ఆ చుక్కల వైపు చూడకండి. దాని పక్కనే బ్రాకెట్లోనో గీతల మధ్యనో ఉచ్చారణ గుర్తులుంటాయి, అక్కడ చూడండి.

స్ట్రెస్ అనగానే పిల్లలకి టెన్షన్ అనే అర్థం గుర్తొస్తుంది. తెలుగులో ఊనిక అంటారు. నేను క్లాసులో 'నొక్కు' అనేవాణ్ణి. 'ఒత్తు' అంటే మళ్లీ వత్తులతో గందరగోళం. నొక్కు అంటే గట్టిగా అరవడం కాదని నాకు ఆ ట్రైనింగులోనే తెలిసింది. నొక్కిన ముక్క కాస్త సాగుతుంది, గొంతు స్థాయి అక్కడ మారుతుంది, కొంచెం గట్టిగా వినబడుతుంది, దాని అచ్చు స్పష్టంగా ఉంటుంది. ఇందులో మనకి కష్టమైంది నొక్కడం కాదు. మిగతా ముక్కల్ని వదిలేయడం.

అరటిపండు మాట 'బనానా' బోర్డు మీద రాయండి. అందులో 'ఎ' అన్న అక్షరం మూడుసార్లు ఉంటుంది. మనం మూడింటికీ సమానంగా న్యాయం చేసి బ-నా-నా అంటాం. ఇంగ్లిష్ వాళ్ల నోట్లో అది బ-ˈనా-న, అమెరికాలో బ-ˈనే-న. మొదటిదీ చివరిదీ అకారం కూడా కాదు, నోరు సగం తెరిచి వదిలేసిన గాలి. భాషాశాస్త్రంలో దాన్ని 'ష్వా' అంటారు. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వినిపించే అచ్చు అదే, దానికంటూ ఒక సొంత అక్షరం లేదు. 'ఎ', 'ఇ', 'ఓ', ఏ అక్షరం వెనకైనా దాక్కుంటుంది. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి ముక్క నిండుగా 'ఫో'. 'ఫొటోగ్రాఫర్' అనగానే నొక్కు రెండో ముక్కకి పోయింది, అదే 'ఫో' చిక్కి 'ఫ' అయింది: ఫ-ˈటా-గ్ర-ఫర్. 'ఫొటోగ్రాఫిక్' అంటే నొక్కు మూడో ముక్క మీదకి జారింది: ఫో-ట-ˈగ్రా-ఫిక్. స్పెల్లింగ్ మారలేదు, తోక మారిందంతే.

ఇక అసలు విషయం, తోకలు.

ఇంగ్లిష్‌లో ఇంటి మాటలు వేరు, వచ్చి చేరిన మాటలు వేరు. మదర్, ఫాదర్, వాటర్ లాంటి పాత జెర్మానిక్ మాటలకి నొక్కు మొదటి ముక్క మీదే. 1066లో నార్మన్‌లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి పడ్డాయి, తర్వాత చదువుకున్నవాళ్లు లాటిన్, గ్రీకు మాటల్ని బుట్టలకొద్దీ తెచ్చుకున్నారు. మీ పిల్లల్ని ఏడిపించే పొడుగు మాటల్లో ఎక్కువ భాగం ఇవే. మనకి దేశ్యాల తీరు వేరు, తత్సమాల తీరు వేరు కదా, అలాగే వీటి పద్ధతి వేరు. వీటిలో నొక్కు తోకని బట్టి నడుస్తుంది.

బోర్డు మీద 'ఎలక్ట్రిక్' రాయండి. 'ఇక్' తోక ఉంటే నొక్కు దానికి సరిగ్గా ముందున్న ముక్క మీద: ఇ-ˈలెక్-ట్రిక్. దాని కింద 'ఎలక్ట్రిసిటీ' రాయండి. 'ఇటీ' తోక వస్తే నొక్కు ఆ తోకకి ముందు ముక్క మీద: ఇ-లెక్-ˈట్రి-స-టి. దాని కింద 'ఎలక్ట్రీషియన్'. షన్ అని పలికే తోకలన్నిటికీ ఒకటే పద్ధతి, నొక్కు వాటి ముందు ముక్క మీద: ఎ-లెక్-ˈట్రి-షన్. ఇప్పుడు మూడు మాటల్లోనూ నొక్కు ముక్క కింద రంగు సుద్దతో గీయమనండి. మొదటిదానికీ మిగతా రెంటికీ గీత చోటు మారడం పిల్లలకి కళ్ల ముందే కనిపిస్తుంది. మన ఇళ్లలో దాన్ని కరెంటు అనేసి ఈ గొడవ లేకుండా చేసుకున్నాం, అది వేరే సంగతి.

ఈ మూడు తోకలతోనే ఎన్ని మాటలు వస్తాయో చూడండి. షన్ తోకకి: ఎ-జు-ˈకే-షన్, ఇగ్-జా-మి-ˈనే-షన్, సర్-టి-ఫి-ˈకే-షన్. ఇటీ తోకకి: యూ-ని-ˈవర్-స-టి, మీరు అడిగిన రి-స్పాన్-స-ˈబి-ల-టి. ఇందులో ఆరు ముక్కలు, నాలుగోది పెద్దది. ఇక్ తోకకి: ఎకనామిక్, సైంటిఫిక్, ఆటోమాటిక్. 'లజీ', 'గ్రఫీ', 'క్రసీ' లాంటి తోకల మాటల్లో నొక్కు చివరి నుంచి మూడో ముక్క మీద: బ-ˈయా-ల-జి, డి-ˈమా-క్ర-సి. ఫిజిక్స్ పీరియడ్‌లో పనికొచ్చేది ఇంకోటుంది. కొలిచే చాలా పరికరాల్లో నొక్కు 'మీటర్'కి ముందు ముక్క మీద పడి, మీటర్ కాస్తా 'మిటర్' అయిపోతుంది: థ-ˈమా-మి-టర్, బ-ˈరా-మి-టర్, స్పి-ˈడా-మి-టర్. సాఫ్ట్‌వేర్ వాళ్లు రోజూ వాడే 'పారామీటర్' పరికరం కాకపోయినా అదే దారి, ప-ˈరా-మి-టర్. కొలతల యూనిట్లలో మాత్రం నొక్కు మొదట్లోనే: ˈసెన్-టి-మీ-టర్, ˈమి-లి-మీ-టర్. కిలోమీటర్‌ని రెండు రకాలుగానూ అనేవాళ్లున్నారు, మీ ఇష్టం.

'ఈర్', 'ఈ' తోకలు నొక్కుని తామే లాక్కుంటాయి: ఎన్-జి-ˈనీర్, వా-లన్-ˈటీర్, ఎమ్-ప్లాయ్-ˈఈ. నన్ను నవ్వులపాలు చేసిన కమిటీ ఇక్కడ రూలు తప్పిన మాట.

అన్ని తోకలూ ఇంత బలమైనవి కావు. కొన్ని కుక్కపిల్ల తోకలు, అవి ఊగుతాయి కానీ ఒళ్లు కదలదు. కొన్ని మొసలి తోకలు, ఒళ్లంతా తిప్పేస్తాయి. మెంట్, నెస్, లీ, ఫుల్, లెస్, ఇంగ్ లాంటివి మొదటిరకం. డెవలప్‌కి నొక్కు ఎక్కడుందో డెవలప్‌మెంట్‌కీ అక్కడే. 'బుల్' తోక మధ్యరకం. మామూలుగా కదపదు, కానీ 'అడ్మైర్'ని ˈఆడ్-మ-ర-బుల్ చేస్తుంది, 'కంపేర్'ని ˈకామ్-ప-ర-బుల్ చేస్తుంది. ఇలాంటివి నాలుగైదు ఉంటాయి, బట్టీ పట్టించేయండి.

'ఏట్' అన్న తోక ఉన్న పొడుగు క్రియల్లో చివరి నుంచి మూడో ముక్క నొక్కాలి: క-ˈమ్యూ-ని-కేట్, పార్-ˈటి-సి-పేట్. అదే స్పెల్లింగ్ నామవాచకమైతే తోక చిక్కిపోతుంది. 'గ్రాడ్యుయేట్' అవడం అనే క్రియకి చివర 'ఏట్' స్పష్టంగా ఉంటుంది, అయిన మనిషికి 'అట్' మాత్రమే. మనం వాడే 'సర్టిఫికెట్' ఈ కోవలోదే: స-ˈటి-ఫి-కట్. మనం ˈసర్ అని మొదట్లో నొక్కుతాం, ఆ నొక్కు నిజానికి 'సర్టిఫై'ది.

రూలు తప్పేవి రోజూ నోట్లో నలిగేవే. షన్ జాతికే చెందినా టెలివిజన్ మొదట్లో నొక్కుతుంది, ˈటె-లి-వి-జన్. పాలిటిక్స్ ˈపా-ల-టిక్స్. అరబిక్, అరిథ్మెటిక్ కూడా ఇక్ తోక మాట వినవు.

ఏ తోకా లేని నామవాచకాల సంగతి? ఇక్కడ మీ స్కూల్లో తెలుగు మాస్టారి సాయం తీసుకోండి, ఎందుకంటే ఇది గురులఘువుల లెక్క. మూడు ముక్కలో అంతకన్నా ఎక్కువో ఉన్న నామవాచకంలో చివరి నుంచి రెండో ముక్క చూడండి. అది గురువైతే, అంటే అచ్చు దీర్ఘమో, వెనక హల్లు ఆనుకుని ఉండటమో అయితే, నొక్కు దాని మీదే. లఘువైతే నొక్కు దాని ముందున్న ముక్క మీదకి పోతుంది. 'ఎజెండా'లో 'జెన్' గురువు: అ-ˈజెన్-డ. 'వెరండా' కూడా అంతే. 'అరోమా'లో 'రో' దీర్ఘం: అ-ˈరో-మ. 'సినిమా'లో 'ని' లఘువు, కాబట్టి ˈసి-ని-మ. 'కెనడా'లో 'న' లఘువు, ˈకే-న-డ. 'అమెరికా'లో 'రి' లఘువు, అ-ˈమె-రి-క. లాటిన్‌లో ఉన్న పద్ధతే ఇది, ఇంగ్లిష్ దాన్ని కొంత తెచ్చుకుంది. మత్తేభానికి గణాలు కట్టగల పిల్లాడికి ఇది ఆటే. ఇంగ్లిష్ క్లాసులో వెనకబడిన ఒక కుర్రాడు, తెలుగు పద్యాలు బాగా వచ్చినవాడు, దీన్ని పది నిమిషాల్లో పట్టేసి మొదటి బెంచీ వాళ్లకి చెప్పడం నేను చూశాను.

అయితే 'సిలిండర్', 'కేలండర్' ఈ లెక్కకి లొంగవు. రెంటిలోనూ మధ్యముక్క గురువులాగే కనిపిస్తుంది, ఇంగ్లిష్ వాళ్లు మాత్రం ˈసి-లిన్-డర్, ˈకే-లన్-డర్ అంటారు. మనవాళ్లు 'సిలిండర్' అన్నప్పుడు బరువు 'లిం' మీద పడటం గమనించండి, మన చెవి గురువుని వదలదు. తప్పు మాట పలుకుతున్నా దాని వెనక ఒక పద్ధతి ఉందన్నమాట.

రెండు ముక్కల మాటల్లో నామవాచకమైతే మొదటి ముక్క, క్రియ అయితే రెండో ముక్క అన్నది చాలావరకు నడుస్తుంది. హాజరు పిలిచేటప్పుడు పిల్లలు "ప్రెజెంట్ టీచర్" అంటారు, అది ˈప్రె-జంట్. బహుమతి అన్నా అదే. ఇవ్వడం, సమర్పించడం అంటే ప్రి-ˈజెంట్. 'రికార్డ్' కూడా ఇంతే, ల్యాబ్ రికార్డు ˈరె-కార్డ్, పాట రికార్డ్ చేయడం రి-ˈకార్డ్. మనం రెంటినీ రెండోదానిలాగే అంటాం. 'రిపోర్ట్', 'కంట్రోల్' లాంటివి ఎలా వాడినా రెండో ముక్కే. ఫ్రెంచి నుంచి వచ్చిన 'హోటల్', 'పోలీస్', 'మెషీన్' నామవాచకాలైనా చివరే నొక్కుతాయి.

క్లాసులో చేయించే పద్ధతి. పొడుగు మాటని తల నుంచి చదివిస్తే పిల్లలకి తోక దగ్గరికి వచ్చేసరికి ఊపిరి, ధైర్యం రెండూ అయిపోతాయి. తోక నుంచి కట్టుకుంటూ రండి. మీరు 'షన్' అనండి, వాళ్లూ 'షన్'. తర్వాత ˈనే-షన్. మి-ˈనే-షన్. జా-మి-ˈనే-షన్. ఇగ్-జా-మి-ˈనే-షన్. ప్రతిసారీ వాళ్లు తెలిసినచోట ముగిస్తారు, తెలియనిది ముందు చేరుతుంది. నొక్కు మొదటి నుంచి దాని చోట అదే కూర్చుంటుంది. నొక్కు దగ్గర ఒక రబ్బరు బ్యాండుని రెండు చేతులతో సాగదీయించండి, మిగతా ముక్కలకి వదలమనండి. వెనక బెంచీల వాళ్లకి మాటల కన్నా రబ్బరు బ్యాండ్ల మీద ఆసక్తి ఎక్కువ, ఒకటి రెండు ఎగిరిపోతాయి, పోనివ్వండి. నాలుగైదు ముక్కలు దాటిన మాటల్లో పెద్ద నొక్కుకి రెండు మూడు ముక్కల ముందు చాలాసార్లు ఒక చిన్న నొక్కు కూడా ఉంటుంది, 'ఎగ్జామినేషన్'లో 'జా' లాగ. దానికి డిక్షనరీలో గీత కింద పెడతారు. తొమ్మిదో తరగతికి అంత లోతు అక్కర్లేదు, పెద్దది పట్టుకుంటే చిన్నది దానంతటదే వస్తుంది.

ఒక జాగ్రత్త. బ్రిటిష్, అమెరికన్ తేడాలకి పిల్లల్ని సరిదిద్దకండి. 'అడ్వర్టైజ్‌మెంట్' బ్రిటన్‌లో అడ్-ˈవ-టిస్-మంట్, అమెరికాలో నొక్కు 'టైజ్' మీద. 'లాబొరేటరీ' బ్రిటన్‌లో రెండో ముక్క, అమెరికాలో మొదటి ముక్క. పరీక్షలో ఒకటి అడిగితే మీ పుస్తకంలో ఉన్నదే రాయించండి. ఆఫీసులో గుమస్తా దగ్గరికి వెళ్లి "స-ˈటి-ఫి-కట్ ఇవ్వండి" అంటే ఆయన మన వైపు ఎగాదిగా చూస్తాడు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు మన సర్టిఫికెట్టే హాయి. చదివేటప్పుడు, బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు అసలు నొక్కు తెలిసుంటే చాలు. నేను పిల్లల్ని ఆపి మరీ సరిదిద్దేది పది మాటలకి మించి ఉండేవి కావు. డెవలప్, కమిటీ ఆ పదిలో ముందుండేవి, కారణం మీకు తెలుసు.

ఇప్పుడు ఆ పిల్లాడి ప్రశ్న. మంచి ప్రశ్న, వాడి భుజం తట్టండి. ఇంగ్లిష్‌లో నొక్కు మారితే మాట మారుతుంది. తెలుగులో నొక్కు ఎక్కడ పెట్టినా మాట మారదు, మనకి అర్థం మార్చేది అచ్చు నిడివి. 'కలం', 'కాలం' వాడి చేత రాయించండి. 'వడ', 'వాడ'. 'పడు', 'పాడు'. కలంలో 'క'ని ఎంత గట్టిగా నొక్కినా అది కలమే. కాస్త సాగిందా, కాలం. ఇంగ్లిష్ వాళ్లకి ఇది పట్టదు, నొక్కిన అచ్చుని వాళ్లు సాగదీస్తారు, నొక్కని దీర్ఘాన్ని మింగేస్తారు. మన హైదరాబాద్ పేరు వాళ్ల నోట వినిపించండి వాడికి, యూట్యూబ్‌లో క్రికెట్ కామెంటరీ పెడితే చాలు: ˈహై-డ-ర-బాడ్. మనం అంత నిండుగా పలికే 'రా'ని అక్కడ వెతకమనండి.